తట్టకు తగలని ఎండ టేపుకు తగులుతుందా?

మీ ఊళ్ళో ఎక్కడైనా శ్లాబు వేస్తూ ఉంటే ఈసారి కాసేపు ఆగి గమనించండి. మిల్లరు గడగడమని తిరుగుతూ ఉంటుంది. కంకర, ఇసుక, సిమెంటు, నీళ్ళు అందులో కలిసి మాలుగా బయటికి వస్తూ ఉంటాయి. ఆ మాలును తట్టలకెత్తి, తలమీద పెట్టుకొని, సరంజా మీదుగా పైకి చేరవేసేవారిలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. తర్వాత టేపు పట్టుకొని కొలిచేవారిలో, ప్లాను చూసి ఇలా కట్టు, అలా కట్టకు అని చెప్పేవారిలో ఆడవాళ్ళు ఎంతమందో కూడా లెక్కపెట్టండి. ఈ రెండు లెక్కల మధ్య తేడా చూడండి.

ఇప్పుడు మరో సంగతి. పదో తరగతి చదివే అమ్మాయి ఎవరైనా "నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతాను" అంటే ఇంట్లో ఏమంటారు? "ఎండలో, దుమ్ములో, ఆ మగవాళ్ళ మధ్య నీకెందుకమ్మా! చక్కగా నీడపట్టున కూర్చొని చేసే కంప్యూటరు చదువు తీసుకో" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని తలమీద తట్ట మోస్తున్న తల్లికి ఆ ఎండ తగలడం లేదా? ఆమెను ఏనాడైనా ఎవరైనా "ఆడదానివి, ఎండలో నీకెందుకు?" అని అడిగారా? నాగార్జునసాగర్ లాంటి మహా కట్టడానికి రాళ్ళు మోసిన వేలాది కూలీలలోనూ స్త్రీలున్నారు. అప్పుడు ఎండ ఎవరికీ అడ్డు రాలేదు.

కాబట్టి అసలు అభ్యంతరం ఎండ గురించి కాదని నా అభిప్రాయం. బరువు మోయడానికి స్త్రీని ఎప్పుడూ పిలిచారు. కొలవడానికి, నిర్ణయించడానికి పిలవలేదు. ఇది మారాలి. మారాలంటే అమ్మాయిలకు కాలేజీలో సీటు ఇస్తే చాలదు. చదువు అయ్యాక వారిని సైటుకు కూడా పంపాలి. ఎందుకో చెబుతాను. విని, ఒప్పుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

కండబలమా, కొలతా?

సివిల్ ఇంజనీరు పని కండబలంతో చేసేది అని చాలామంది అనుకుంటారు. అది నిజమేనా? ఒక చిన్న ఉదాహరణ చూద్దాం.

కాంక్రీటు ఎంత గట్టిదో తెలుసుకోవడానికి, పోసే మాలులోంచే కొంత తీసి 15 సెంటీమీటర్ల ఘనాకారపు అచ్చుల్లో నింపుతారు. మరునాడు అచ్చు విప్పి ఆ దిమ్మెలను నీళ్ళలో నానబెడతారు. కొన్నిటిని 7 రోజులకు, కొన్నిటిని 28 రోజులకు యంత్రంలో పెట్టి, పగిలేదాకా నొక్కుతారు. ఎం-20 అనే రకం కాంక్రీటు అయితే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. లెక్క వేయండి. దిమ్మె పై ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. అంటే మొత్తం 4,50,000 న్యూటన్లు, సుమారు 45 టన్నుల బరువు! ఒక్కో ఏనుగు 5 టన్నులు ఉంటుందనుకుంటే, మీ రెండు చేతుల మధ్య పట్టే ఆ దిమ్మె 9 ఏనుగులను మోయాలన్నమాట.

ఇప్పుడు మాలు కొంచెం బిగువుగా ఉందనీ, పోయడానికి కష్టంగా ఉందనీ, ఎవరో ఇంకో రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించారనుకోండి. మాలు హాయిగా జారుతుంది. పని త్వరగా అయిపోతుంది. పైకి చూస్తే శ్లాబు నున్నగా, అందంగా ఉంటుంది. కాని సిమెంటు గట్టిపడడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ పోసిన నీరు తర్వాత ఆవిరైపోయి, కాంక్రీటులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలను మిగుల్చుతుంది. దాంతో బలం తగ్గిపోతుంది. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు. కొన్నేళ్ళ తర్వాత, ఆ కప్పు కింద కూర్చున్నవారికి తెలుస్తుంది.

కాబట్టి ఆ సమయంలో అక్కడ నిలబడి "నీళ్ళు పోయవద్దు" అని చెప్పేవారు ఒకరు కావాలి. దానికి కండలు అక్కర్లేదు. నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి తెలియాలి. పాతికేళ్ళ అనుభవం ఉన్న మేస్త్రి ముఖం మాడ్చుకున్నా, కంట్రాక్టరు విసుక్కున్నా, "వద్దు" అన్న మాట మీద నిలబడే ధైర్యం కావాలి. ఇందులో ఆడ, మగ తేడా ఎక్కడుంది?

గిండీలో ముగ్గురు

మన దేశంలో ఇంజనీరింగ్ తలుపు స్త్రీలకు ఎలా తెరుచుకుందో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు మరింత స్పష్టమవుతుంది. మద్రాసు దగ్గర గిండీలో ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 1794లో సర్వే బడిగా మొదలై పెరిగిన సంస్థ అది. నూటనలభై ఏళ్ళకు పైగా అందులో అమ్మాయి అడుగు పెట్టలేదు.

మొదట అడుగు పెట్టినది మన తెలుగు అమ్మాయే. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో పుట్టిన ఆమెకు పదిహేనో ఏట పెళ్ళి అయింది. పద్దెనిమిదేళ్ళకే, చేతిలో నెలల పాపతో, భర్తను పోగొట్టుకున్నది. అటువంటి అమ్మాయిని ఆనాటి సంఘం ఇంటి మూలకే పరిమితం చేసేది. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే విద్యుత్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. ఆయన కళాశాల పెద్దలను, ప్రభుత్వాన్ని ఒప్పించి కూతురిని చేర్పించారు. ఆమె విద్యుత్ ఇంజనీరు అయింది. ఆమె పట్టా మీద అచ్చులో "అతడు" అని ఉంటే, దాన్ని కొట్టివేసి చేతితో "ఆమె" అని రాయవలసి వచ్చింది! అచ్చు వేయించినవారికి ఆడపిల్ల ఆ పట్టా తీసుకుంటుందన్న ఊహే లేదు.

లలిత వెంట మరి ఇద్దరు అమ్మాయిలు గిండీలో చేరారు. లీలమ్మ జార్జి ఒకరు, పి.కె. థ్రేసియా మరొకరు. ఈ ఇద్దరూ తీసుకున్నది సివిల్ ఇంజనీరింగే. థ్రేసియా 1924లో ఇప్పటి కేరళలోని త్రిచూర్ జిల్లా పల్లెలో పుట్టింది. తండ్రి వ్యవసాయదారుడు. గొలుసుతో భూమిని కొలవడం, లెవెల్ పరికరంతో ఎత్తుపల్లాలు తీయడం, దూలానికి ఎంత బరువుకు ఎన్ని కడ్డీలు కావాలో లెక్కగట్టడం, ఇవన్నీ ఆమె మగపిల్లలతో పాటు నేర్చుకుంది. 1944 నాటికి ముగ్గురూ పట్టాలు అందుకున్నారు.

మొదటి ఉద్యోగంలో ఏం నేర్చుకుంటారు?

ఇక్కడే మీరు జాగ్రత్తగా గమనించాలి. థ్రేసియా పట్టా తీసుకొని ఇంట్లో కూర్చోలేదు. ఆఫీసులో కాగితాలు సర్దే పనితోనూ సరిపెట్టుకోలేదు. అప్పటి కొచ్చిన్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరింది. తర్వాత ముళంగున్నత్తుకావు అనే చోట క్షయరోగుల ఆసుపత్రి కడుతుంటే, అక్కడ సహాయ నిర్మాణ ఇంజనీరుగా పనిచేసింది.

సెక్షన్ స్థాయి ఇంజనీరు పని ఏమిటో తెలుసా? పునాది గుంట ప్లానులో చెప్పినంత లోతు ఉందా అని చూడాలి. కడ్డీలు సరైన దూరంలో కట్టారా, సెంట్రింగ్ గట్టిగా ఉందా అని చూడాలి. రసమట్టం పెట్టి అడ్డం, గుండు వేలాడదీసి నిలువు సరిచూడాలి. జరిగిన పనిని కొలిచి, ఎం. బుక్ అని పిలిచే కొలతల పుస్తకంలో రాసి, కింద సంతకం చేయాలి. ఆ పుస్తకంలోని అంకెను బట్టే కంట్రాక్టరుకు డబ్బు ఇస్తారు. అంటే ఆ సంతకం వెనుక ప్రజల డబ్బు, ప్రజల ప్రాణాలు రెండూ ఉన్నాయి.

ఈ పనిని ఏ పాఠ్యపుస్తకమూ పూర్తిగా నేర్పలేదు. పుస్తకంలో భూమి ఎప్పుడూ చదునుగా, ఒకే రకంగా ఉంటుంది. నిజమైన భూమి అలా ఉండదు. మన జిల్లాల్లోని నల్లరేగడి నేలనే తీసుకోండి. వానాకాలంలో నీరు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలంలో ముడుచుకొని నెరెలు విచ్చుతుంది. దానిమీద పునాది సరిగా వేయకపోతే గోడలు పగులుతాయి. కొత్త ఇంజనీరు ఆ నెరెను కంటితో చూసి, ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసినప్పుడే పుస్తకంలోని సూత్రానికి అర్థం తెలుస్తుంది. అందుకే మొదటి నాలుగైదేళ్ళ సైటు అనుభవం చదువులో మిగతా సగం అంటాను.

థ్రేసియాకు ఆ మిగతా సగం దక్కింది. కాబట్టే ఒక్కో మెట్టూ ఎక్కి 1971లో కేరళ ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు అయింది. మన దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమే అంటారు. 1979లో పదవీ విరమణ చేసే వరకు రోడ్లు, వంతెనలు, ఆసుపత్రులు ఆమె అజమాయిషీలో లేచాయి. మొదట్లోనే ఎవరైనా "అమ్మాయీ, నువ్వు ఆఫీసులోనే ఉండు, సైటుకు అబ్బాయిలు వెళతారు" అని దయ చూపించి ఉంటే ఏమయ్యేది? సైటు తెలియనివారిని రేపు చీఫ్ ఇంజనీరుగా ఎవరు నమ్ముతారు? పైకి దయలా కనిపించే ఆ మాట, నిజానికి ఎదుగుదలకు పెట్టే ఆనకట్ట!

ప్రకాశం జిల్లా నుంచి చీనాబ్ కొండకు

"అవన్నీ పాత రోజుల సంగతులు" అంటారేమో. మన కాలానికే వద్దాం. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు అనే పల్లెలో పుట్టిన అమ్మాయి గాలి మాధవీలత. 1992లో కాకినాడ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ పట్టా పొందారు. తర్వాత వరంగల్లులో ఎం.టెక్., మద్రాసు ఐ.ఐ.టి.లో 2000లో డాక్టరేటు చేశారు. ఆమె ఎంచుకున్న శాఖ జియోటెక్నికల్ ఇంజనీరింగ్, అనగా మట్టి, రాయి బరువుల కింద ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకునే శాస్త్రం. గౌహతి ఐ.ఐ.టి.లో కొంతకాలం బోధించి, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో అధ్యాపకురాలిగా చేరారు.

అక్కడ చేరిన తొలి సంవత్సరాల్లోనే, 2005లో, ఆమెకు ఒక పెద్ద పని అందింది. జమ్మూ ప్రాంతంలో చీనాబ్ నదిపై రైలు వంతెన కట్టాలి. నది అడుగు నుంచి దాని ఎత్తు 359 మీటర్లు, పొడవు 1,315 మీటర్లు. మధ్యలో ఉన్న ఉక్కు కమాను 467 మీటర్ల వెడల్పును ఒకే అంగలో దాటుతుంది. అంత బరువూ చివరికి ఆనేది రెండు వైపులా ఉన్న కొండ వాలుల మీదే. మరి ఆ కొండరాయి ఒకే ముద్దగా లేదు, పగుళ్ళతో నిండి ఉంది.

పగుళ్ళుంటే ఏమవుతుంది? ఇంట్లోనే చేసి చూడండి. ఒక పలక మీద నాలుగైదు పుస్తకాలు దొంతరగా పేర్చి, పలకను ఒక పక్క మెల్లగా పైకెత్తండి. ఒక వాలు వచ్చేసరికి పై పుస్తకాలు జారిపోతాయి. ఇప్పుడు పుస్తకాలన్నిటినీ దారంతో బిగించి పలకకు కట్టండి. ఇంతకు ముందు జారిన వాలు దగ్గర ఇప్పుడు జారవు. చీనాబ్ కొండల్లోనూ రాతి పొరల్లోకి పొడవైన ఉక్కు కడ్డీలు దించి, బట్టను కుట్టినట్లు పొరలను కుట్టారు. అయితే ఎక్కడ కుట్టాలి, ఎంత లోతుకు కుట్టాలి అన్నది ముందే కాగితం మీద పూర్తిగా తేల్చలేకపోయారు. తవ్వుతున్నకొద్దీ లోపల దాగిన పగుళ్ళు బయటపడేవి. బయటపడిన దాన్ని బట్టి లెక్కలు మార్చి, మళ్ళీ రూపకల్పన చేసేవారు. ఆ వాలుల గురించి సలహా ఇచ్చే పనిలో మాధవీలత 2022 వరకు, 17 సంవత్సరాలు పాలుపంచుకున్నారు. వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది.

ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆమెను ఆకాశానికెత్తాయి. అప్పుడు ఆమె ఏమన్నారో తెలుసా? ఈ వంతెన వేలమంది కష్టం, ఆ వేలమందిలో తానూ ఒకరు మాత్రమే, తనను అనవసరంగా గొప్ప చేయవద్దు అన్నారు. ఈ మాటలో ఒక పాఠం ఉంది. ఒక్క స్త్రీని పొగిడి, శాలువా కప్పి, మిగతా అమ్మాయిలను సైటు దరిదాపులకు రానివ్వకపోతే ఏమి లాభం? వింతగా చూడవలసిన ఒక్కరు కాదు, వింతే అనిపించనంతమంది కావాలి.

అభ్యంతరాలు లేవా?

ఉన్నాయి. దాచిపెట్టడం సరికాదు. చాలా సైట్లలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. పొద్దుపోయాక ఇల్లు చేరడానికి బస్సు ఉండదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఊరు మారవలసి వస్తుంది. చిన్న కంపెనీలలో కొత్త సివిల్ ఇంజనీరుకు ఇచ్చే మొదటి జీతం కంప్యూటరు ఉద్యోగాల్లో వచ్చేదానికన్నా తక్కువగా ఉండడమూ కద్దు. పెద్దలు భయపడుతున్నారంటే వాళ్ళ భయంలో నిజం లేకపోలేదు.

కాని వీటిలో ఏది అమ్మాయి లోపం? మరుగుదొడ్డి లేకపోవడం కట్టేవాళ్ళ లోపం. పది అంతస్తులు కట్టగలిగినవారు పది అడుగుల గది కట్టలేరా? 1996లో పార్లమెంటు చేసిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే పనిచోట మరుగుదొడ్లు ఉండాలనీ, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట వారి పిల్లలకు నీడనిచ్చే గది ఉండాలనీ రాశారు. తట్ట మోసే తల్లులు ఎందరో ఉన్నా ఆ గది కట్టని సైట్లు చాలా ఉన్నాయి, అడిగే అధికారం వారికి లేదు గనుక. టేపు పట్టిన అమ్మాయి సైటులో ఉంటే ఆ మాట అడుగుతుంది. ఆమె అడిగి సాధించినది ఆమె ఒక్కదానికే కాదు, తట్ట మోసే తల్లికీ దక్కుతుంది. అంటే అమ్మాయిలు సైటుకు రావడానికి వసతులు కావాలన్నది ఎంత నిజమో, వారు వస్తేనే వసతులూ వస్తాయన్నది అంత నిజం.

జీతం మాట కూడా చెప్పుకోవాలి. డబ్బే మొదటి లెక్క అనుకునేవారు వేరే దారి చూసుకోవచ్చు, అందులో తప్పు లేదు. అందరూ సివిల్ ఇంజనీర్లు కావాలని నేను అనడం లేదు. ఇష్టం ఉన్న అమ్మాయిని "నువ్వు ఆడపిల్లవి" అన్న ఒక్క కారణంతో ఆపవద్దని మాత్రమే అంటున్నాను.

మీరేం చేయవచ్చు?

ఈ చదువు మీకు సరిపడుతుందో లేదో ఇప్పుడే పరీక్షించి చూసుకోండి. ఒక గాజుసీసాలో మూడో వంతు మీ పెరటి మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోనే అడుగుకు చేరుతుంది. దానిపై సన్నని ఒండ్రు చేరడానికి గంటలు పడుతుంది. బంకమట్టి తేరడానికి ఒక రోజు, అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. పొరల మందం స్కేలుతో కొలిచి రాసుకోండి. మీ ఇల్లు ఎలాంటి నేలమీద నిలబడి ఉందో కొంత తెలుస్తుంది. అలాగే సన్నని పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి, బుడగలు లేకుండా చూసి, రెండు చివరలను రెండు గోడల దగ్గర పట్టుకోండి. నీటి మట్టం రెండు చోట్లా ఒకటే ఎత్తులో నిలుస్తుంది. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ ఇదే. దానితో మీ బడి వరండా ఎటు వాలి ఉందో కనిపెట్టండి. ఈ పనులు చేస్తుంటే మీకు ఆకలి గుర్తు రాకపోతే, ఈ శాస్త్రం మిమ్మల్ని పిలుస్తున్నట్లే!

దారులు రెండున్నాయి. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ సివిల్ డిప్లొమా చేయవచ్చు. ఆపైన ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. లేదా ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకొని, ఈఏపీసెట్ రాసి నాలుగేళ్ళ బి.టెక్.లో చేరవచ్చు. ఏ దారిలో వెళ్ళినా, ఉద్యోగంలో చేరే రోజున అమ్మాయిలు ఒక్క మాట గుర్తుంచుకోండి. "నన్ను సైటుకు పంపండి" అని నోరు తెరిచి అడగండి. అది మీ చదువులో మిగతా సగం. దాన్ని ఎవరికీ వదులుకోకండి.

అబ్బాయిలకూ ఒక మాట. రేపు మీరు పనిచేసే చోట ఒక అమ్మాయి ప్లాను విప్పి "ఈ కడ్డీల దూరం తప్పు, విప్పి మళ్ళీ కట్టండి" అంటే, చెప్పింది ఎవరని చూడకండి. కొలత సరైనదా కాదా అని చూడండి. టేపు మీది అంకెలు ఎవరు చదివినా ఒకటే. ఆ శ్లాబు కింద రేపు కూర్చునేది మీ చెల్లెలో, మీ తమ్ముడో కావచ్చు.